ఎడమ మర

ముప్పై మైళ్ళ వేగం దాటగానే మొదలవుతుందట,
మూత పెట్టిన సీసాలో తుమ్మెద తిరిగినట్టు.
క్లచ్ తొక్కినా పోదు, గేరు మార్చినా మారదు.
"కుడి వెనక చక్రం," అంది ఆస్లా జేమీసన్,
చీటీ మీద రాసుకో అన్నట్టు.

యెల్ దీవిలో నలభై ఏళ్ళు పురుళ్ళు పోసిన నర్సు.
ఈ మోరిస్ మైనర్ వెనక సీటు మీదే పుట్టినవాడొకడు
ఇప్పుడు ఫెర్రీలో టికెట్లు చింపుతున్నాడు.
ఆవిడ మాటకి ఎదురెవరు చెబుతారు?

షెట్లాండ్‌లో ఏ చప్పుడు వినాలన్నా
ముందు గాలిని చెవిలోంచి తీసి పక్కన పెట్టుకోవాలి.
మా మేస్త్రీ లౌరీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని
పీట్ తవ్విన గుంటల వెంబడి రోడ్డు మీద
బండిని పాములా మెలికలు తిప్పాడు.
ఎడమకి కోస్తే బరువు కుడి చక్రం మీద పడుతుంది,
కుడికి కోస్తే ఎడమ మీద.
కుడికి కోసినప్పుడే రొద బొంగురుపోయిందని
నాకనిపించింది.
పదిహేడేళ్ళవాణ్ణి. నోరు మూసుకున్నాను.

జాకీ పెట్టి కుడి చక్రం ఎత్తాం.
పైన ఓ చెయ్యి, కింద ఓ చెయ్యి వేసి ఊపి చూస్తే
ఊడబోయే పాలపన్ను కాదది,
జ్ఞానదంతంలా దిట్టంగా ఉంది.
అయినా విప్పాం. ఆవిడ చెప్పింది మరి.
డ్రమ్ము వచ్చింది, ఇరుసు కడ్డీ జారి వచ్చింది,
నట్టు, హబ్బు, దాని పొట్టలో బేరింగు.
కిరోసిన్‌లో కడిగి వేలికి తొడిగి తిప్పితే
తిరిగింది, తిరుగుతూనే ఉంది,
వెన్నలో వేలు పోయినంత మెత్తగా.
మధ్యాహ్నం మొత్తం పోయింది.
ఒక కాగితం గాస్కెట్టు దండగ.

లౌరీ టీ పట్టుకొచ్చి ఆవిడకి ఎడమ పక్కన నిలబడి
"పంచదార ఎన్ని చెంచాలు?" అన్నాడు.
ఆవిడ సముద్రం కేసి చూస్తూనే ఉంది.
మళ్ళీ అడిగాడు.
కప్పు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు.
నేనప్పటికే జాకీని ఎడమ పక్కకి ఈడుస్తున్నాను.

చక్రం తిప్పుతూ స్ప్రింగు మీద అరచెయ్యి ఆనిస్తే
గరగర మణికట్టు దాకా పాకింది,
అన్నంలో రాయి తగిలిన పంటిలా ఒళ్ళు జలదరించింది.
డ్రమ్ము అడుగున నల్లటి తడి.
గంధకం కంపు కొట్టే ఇరుసు నూనె
సీలు దాటొచ్చి బ్రేకు పట్టీల్ని ఊరబెట్టేసింది.

వాషరు నాలిక మడత విప్పాను.
నట్టు మాత్రం కదల్లేదు.
పానాకి గొట్టం తొడిగి వేలాడాను,
పడవవాళ్ళ దగ్గర నేర్చుకున్న తిట్లన్నీ తిట్టాను.
లౌరీ వచ్చి పానాని తిరగేసి పెట్టాడు, అంతే.
"ఈ పక్క మర ఎడమది.
చక్రం పరుగుకి ఊడిపోకుండా అటు కోశారు.
ఇంతసేపూ నువ్వు బిగిస్తున్నావు."

బంతులు నడిచే దారి నిండా స్ఫోటకపు మచ్చలు.
కొత్తది లెర్విక్ నుంచి నాలుగో రోజుకి వచ్చింది.
హబ్బు అంచు కన్నా వెంట్రుకవాసి పైకి నిలవాలది,
అప్పుడే హబ్బుకీ మూతకీ మధ్య కదలకుండా ఉంటుంది.
లౌరీ ముందు గోటితో తడిమి,
ఆ తర్వాతే గేజి అడుగుతాడు.

బిల్లులో కుడి వైపు పని రాయలేదు.
ఆవిడ బిల్లు రెండుసార్లు చదివింది,
ఏమీ అడగలేదు. పాత బేరింగు ఇమ్మంది.
గుమ్మం దగ్గర నిలబడి
దాన్ని కుడి చెవి పక్కన పెట్టి తిప్పింది,
మొహం చిట్లించింది.
ఎడమ చెవి పక్కన పెట్టి తిప్పింది,
చాలాసేపు.
"ఇటు నుంచి చూస్తే
దీనికే జబ్బూ లేదు," అంది.